ఫొటో ధర ఎలా తేలుతుంది: వాణిజ్య వాడకం, లైసెన్సు, కాగితం మీద రాయని షరతులు

క్లుప్తంగా: వ్యాపారానికి వాడే ఫొటో ధర ప్రధానంగా దాని వాడకాన్ని బట్టి ఏర్పడుతుంది. ఎక్కడ వాడతారు, ఎంతకాలం, ఎన్ని ప్రతులు అనేవే అసలు కొలతలు. మన దేశంలో డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకు తొలి హక్కుదారు తీయించుకున్నవారు. ముందే తీసి ఉంచిన ఫొటోకు తీసినవారు. లైసెన్సులో గడువు రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం అని చట్టమే పూరిస్తుంది. అమ్మేవారు, కొనేవారు ఇద్దరూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మూడు కొటేషన్లు, మూడు వేర్వేరు సరుకులు

గుంటూరు ప్రాంతంలో ఒక కారంపొడి కంపెనీ కొత్త ప్యాకెట్ వేయించాలనుకుందని అనుకుందాం. కల్లంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల ఫొటో కావాలి. ఊళ్లోని ఫొటోగ్రాఫర్ ఒక రోజు షూట్‌కు 15,000 రూపాయలు అడిగాడు. ముందే తీసి ఉంచిన ఫొటోలను ఎవరికైనా అమ్మే స్టాక్ సైట్‌లో చందా కడితే అలాంటి ఫొటోనే కొన్ని వందల రూపాయలకు వస్తుంది. మిర్చి పంట మీద ఏళ్ల తరబడి ఫొటోలు తీసిన మరొకరి దగ్గర సరిగ్గా కావలసిన ఫొటోనే ఉంది. ఆయన మాత్రం ధర చెప్పే ముందు ప్రశ్నలు వేశాడు. ప్యాకెట్ మీదకా, ఫేస్‌బుక్ పేజీకా? ఏడాదికి ఎన్ని ప్యాకెట్లు? ఎన్నేళ్లు? అన్నీ విని 60,000 అన్నాడు.

ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవే. తేడా మాత్రం మార్కెట్లో రోజూ కనిపించేదే. మిరపకాయలు అవే అయినప్పుడు నాలుగు రెట్లు ఎందుకివ్వాలన్నది యజమాని ప్రశ్న. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ముగ్గురూ అమ్ముతున్నది ఒకే సరుకు కాదు. మొదటివాడు తన రోజును అమ్ముతున్నాడు. స్టాక్ సైట్ వేలమందికి ఇచ్చే అనుమతినే ఇంకొకరికి ఇస్తోంది. మూడో ఆయన ఫలానా ప్యాకెట్ మీద, ఫలానా కాలం వాడుకునే హక్కుకు ధర కడుతున్నాడు.

విచిత్రం ఏమిటంటే, ఈ మూడింటిలో కంపెనీకి ఎక్కువ హక్కులు తెచ్చిపెట్టేది 15,000 రూపాయల షూటే. ఆ సంగతి చాలా సందర్భాల్లో ఫొటోగ్రాఫర్‌కూ తెలియదు, కంపెనీకీ తెలియదు.

ధరలోని పొరలు

వాణిజ్య ఫొటోగ్రఫీ కొటేషన్‌ను విప్పి చూస్తే మూడు భాగాలు కనిపిస్తాయి. ఒకటి పని రుసుము. రెండోది షూట్ ఖర్చులు: లైట్ల అద్దె, అసిస్టెంటు, మోడల్, మేకప్, ప్రయాణం, స్టూడియో, రిటచింగ్. మూడోది వాడకపు రుసుము, అంటే లైసెన్సు.

పని రుసుముకు అడుగు గీత ఎక్కడుంటుందో లెక్క వేయడం కష్టం కాదు. కెమెరా, లెన్సుల అరుగుదల, గది అద్దె, కంప్యూటర్, సాఫ్ట్‌వేర్ చందాలు, ఇంటి ఖర్చు అన్నీ కలిపి ఒక ఫొటోగ్రాఫర్‌కు ఏడాదికి 9 లక్షలు కావాలనుకుందాం. ఏడాదిలో డబ్బు వచ్చే షూట్లు 75 రోజులే దొరికితే, రోజుకు 12,000 వస్తేనే నష్టం లేకుండా గట్టెక్కుతాడు. మిగతా రోజులు ఎడిటింగ్‌కు, కొటేషన్లు పంపడానికి, బాకీల కోసం ఫోన్లు చేయడానికి పోతాయి. రోజుకు 5,000కే చేస్తానని ముందుకొచ్చేవాడికి వేరే ఆదాయమైనా ఉండాలి, లేదా కెమెరా పాతబడిన రోజున కొత్తది కొనే దారి ఉండకపోవాలి.

మూడో భాగం తర్కం వేరు. దీన్ని ప్రకటనకు పెట్టే ఖర్చుతో పోల్చి చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. నగరంలో నాలుగు కూడళ్లలో హోర్డింగుల అద్దెకు లక్షలు పోసే సంస్థకు, ఆ హోర్డింగు మీద చూపు నిలిపే పని ఫొటోదే. అదే ఫొటోను ఒక చిన్న హోటల్ తన మెనూ కార్డు మీద వేసుకుంటే వచ్చే లాభం వేరు. అందుకే వాడే మాధ్యమం, పరిమాణం, ప్రతుల సంఖ్య, ప్రాంతం, గడువు, ఏ రంగపు ప్రకటన అనేవి ధరను నడిపిస్తాయి. గెట్టీ ఇమేజెస్ వంటి, ఫొటోలు అమ్మే పెద్ద సంస్థలు ఒకప్పుడు వాడకాన్ని బట్టి లైసెన్సు ఇచ్చే రైట్స్ మేనేజ్డ్ పద్ధతిలో సరిగ్గా ఇవే వివరాలు అడిగి ధర చెప్పేవి.

వీటిలో ధరను బాగా పెంచేది ప్రత్యేక హక్కు. పోటీ కంపెనీకి అదే ఫొటో అమ్మకూడదని షరతు పెడితే, ఫొటోగ్రాఫర్ వదులుకునే అమ్మకాలకు కూడా కొనేవారే డబ్బు కట్టాలి. ఆ షరతు లేకపోతే ఏమవుతుందో 2004లో అమెరికాలో కనిపించింది. డెల్, గేట్‌వే రెండూ అప్పట్లో కంప్యూటర్ల అమ్మకంలో పోటీదారులు. బడులు తెరిచే సీజన్‌లో ఆ రెండు కంపెనీల ప్రకటనల్లోనూ ఒకే విద్యార్థిని నవ్వుతూ కనిపించింది. ఫొటోలు స్టాక్ నుంచి వచ్చినవి. ఎవరూ ఏ నియమమూ మీరలేదు. ఇద్దరూ ప్రత్యేక హక్కు కొనలేదు, అంతే.

పన్ను సంగతి ఒక్క మాటలో: సేవల టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పదు. షూట్ రుసుము మీదా, లైసెన్సు మీదా 18 శాతం పడుతుంది.

తీసినవారిదా, తీయించుకున్నవారిదా

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఫొటోకు కర్త దాన్ని తీసిన వ్యక్తి. ఇంతవరకు అందరూ అనుకునేదే. మలుపు సెక్షన్ 17లో ఉంది. ఎవరైనా కోరితే, విలువైన ప్రతిఫలం తీసుకుని తీసిన ఫొటోకు, వేరే ఒప్పందం లేనప్పుడు, తొలి యజమాని తీయించుకున్న వ్యక్తే. అంటే కారంపొడి కంపెనీ 15,000 ఇచ్చి తీయించుకున్న ఫొటో కాపీరైట్ మొదటి క్షణం నుంచే కంపెనీది. ప్యాకెట్ మీద వేసుకోవచ్చు, హోర్డింగ్ కట్టించుకోవచ్చు, మరొకరికి అమ్ముకోవచ్చు. ఫొటోగ్రాఫర్ మళ్లీ అడగడానికి ఏమీ మిగలదు. ఆ హక్కు ఫొటోగ్రాఫర్ జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు నడుస్తుంది. 2012 సవరణకు ముందు ఫొటోలకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు మాత్రమే ఉండేది.

పెళ్లి ఫొటోల్లో ఇదే నియమం ఇంకాస్త ఇబ్బంది పెడుతుంది. కుటుంబం డబ్బిచ్చి తీయించుకున్న ఆల్బమ్‌లోని ఫొటోలను స్టూడియోవాళ్లు తమ ఇన్‌స్టాగ్రామ్ పేజీలోనో, దుకాణం ముందు ఫ్లెక్సీ మీదో పెట్టుకోవాలంటే అనుమతి తీసుకోవాల్సింది వాళ్లే. చాలా స్టూడియోల్లో అలవాటు దీనికి పూర్తిగా తిరగబడి ఉంది.

ఈ నియమం మూలం 1911 నాటి బ్రిటిష్ చట్టంలో ఉంది. స్టూడియోకు వెళ్లి బొమ్మ తీయించుకునే రోజులవి. తన ముఖం మీద తనకు అదుపు ఉండాలన్న కస్టమర్ కోరిక సమంజసమే. అయితే బ్రిటన్ 1988 నాటి కొత్త చట్టంతో ఆ నియమాన్ని వదిలేసింది. 1989 ఆగస్టు 1 నుంచి అక్కడ ఫొటో తీసినవారిదే. ఇంటి అవసరాలకు తీయించుకున్న ఫొటోలను బయటపెట్టకుండా అడ్డుకునే హక్కును మాత్రం కస్టమర్‌కు విడిగా ఇచ్చారు. కెనడా 2012లో ఇదే దారి పట్టింది. అమెరికాలో స్వతంత్ర ఫొటోగ్రాఫర్ తీసిన ఫొటో, రాతపూర్వకంగా బదలాయిస్తే తప్ప, సాధారణంగా అతనిదే. భారత చట్టం పాత చోటనే నిలబడింది. మనుషుల ముఖాల ఫొటోలను దృష్టిలో పెట్టుకుని పుట్టిన నియమం ఇప్పుడు ప్యాకెట్లకు, హోటల్ గదులకు, ఆన్‌లైన్ చీరల దుకాణాలకు వర్తిస్తోంది. అమెరికన్ వెబ్‌సైట్లు చదివి, యూట్యూబ్ పాఠాలు విని ‘కాపీరైట్ ఎప్పుడూ ఫొటోగ్రాఫర్‌దే’ అనుకునేవారు దెబ్బతినేది ఇందుకే.

సెక్షన్‌లోని ‘వేరే ఒప్పందం లేనప్పుడు’ అన్న మాటే బయటపడే దారి. కాపీరైట్ ఫొటోగ్రాఫర్ దగ్గరే ఉంటుందని, కంపెనీకి ఫలానా వాడకాలకు లైసెన్సు ఇస్తున్నామని కొటేషన్‌లోనే రాసి, షూట్‌కు ముందే ఒప్పించుకుంటే లెక్క మారిపోతుంది. ఇన్‌వాయిస్ అడుగున చిన్న అక్షరాలతో తర్వాత ముద్రించిన షరతు బలం తక్కువ. పని అయిపోయాక వచ్చిన మాటను ఒప్పందమని నిరూపించడం కష్టం.

ప్రకటనల ఏజెన్సీ మధ్యలో ఉంటే చిక్కు కంపెనీ వైపుకు మారుతుంది. ఫొటోగ్రాఫర్‌ను పిలిచింది, డబ్బిచ్చింది ఏజెన్సీ అయితే తొలి యజమాని ఏజెన్సీ అనే వాదన వస్తుంది. కంపెనీ రెండేళ్ల తర్వాత ఏజెన్సీని మారిస్తే పాత ఫొటోలు కొత్త ప్రకటనల్లో వాడుకోవచ్చా? ఏజెన్సీ నుంచి హక్కులు బదలాయించుకున్న కాగితం ఉంటే వాడుకోవచ్చు. హోటళ్లు భోజనం, బస ఇచ్చి తీయించుకునే ఫొటోలదీ ఇలాంటి గోడమీది స్థితే. డబ్బు చేతులు మారలేదని ఫొటోగ్రాఫర్ అంటాడు, బస కూడా ప్రతిఫలమేనని హోటల్ అంటుంది. ఇక రా ఫైళ్లు, అంటే కెమెరాలో పడిన అసలు ఫైళ్లు, ఎవరి దగ్గర ఉన్నాయన్నదానికీ, కాపీరైట్ ఎవరిదన్నదానికీ సంబంధం లేదు.

పత్రికల ఫొటోగ్రాఫర్లకు సెక్షన్ 17లోనే వేరే పద్దు ఉంది. ఉద్యోగంలో ఉండి పత్రిక కోసం తీసిన ఫొటోపై ప్రచురణకు సంబంధించిన హక్కు యాజమాన్యానిది. మిగతా వాడకాల్లో, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు ఫొటోగ్రాఫర్‌ది. వార్త కోసం తీసిన వరద ఫొటోను ఒక బీమా కంపెనీ ప్రకటనకు అడిగితే పత్రిక ఒక్కటే సంతకం పెడితే చాలదన్నమాట, నియామక పత్రంలో అలా రాసి ఉంటే తప్ప. మండలాల్లో వార్తకింత అని తీసుకుని పనిచేసే కంట్రిబ్యూటర్లు ఉద్యోగులే కారు. కాబట్టి వాళ్లు సొంతంగా తీసి పంపిన ఫొటోల మీద వాళ్ల హక్కు మరింత గట్టిది. దాన్ని వాడుకున్న కంట్రిబ్యూటర్లు అరుదు.

రాయని చోట చట్టం రాసేది

ఇప్పుడు మూడో ఫొటోగ్రాఫర్ దగ్గరికి వద్దాం. ఫొటో ముందే తీసి ఉంది, ఎవరూ తీయించుకోలేదు. కాబట్టి కాపీరైట్ ఆయనది. కంపెనీకి లైసెన్సు కావాలి. సెక్షన్ 30 ప్రకారం లైసెన్సు రాతపూర్వకంగా ఉండాలి. హక్కుల బదలాయింపు గురించి సెక్షన్ 19 చెప్పే నియమాలు సెక్షన్ 30ఏ ద్వారా లైసెన్సులకూ వర్తిస్తాయి. ఏ ఫొటో, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ ప్రాంతంలో, ఎంత సొమ్ము అనేవి ఆ పత్రంలో ఉండాలి.

రాయకపోతే పత్రం చెల్లకుండా పోదు. ఖాళీలను చట్టం నింపుతుంది. గడువు లేకపోతే 5 ఏళ్లు. ప్రాంతం లేకపోతే భారతదేశం వరకే. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడుకోకపోతే, వేరే షరతు లేనప్పుడు, అది రద్దవుతుంది.

కారంపొడి కంపెనీకి ఇవి పుస్తకంలో మాటలు కావు. ‘ప్యాకెట్ మీద వాడుకోవడానికి’ అని ఒక్క వాక్యం రాసుకుని 60,000 ఇచ్చారనుకుందాం. మూడేళ్లకు సరుకు డాలస్‌లో, న్యూజెర్సీలో తెలుగువాళ్లు వెళ్లే ఇండియన్ స్టోర్లకు చేరింది. ఆ ప్యాకెట్ల మీది ఫొటోకు అక్కడ లైసెన్సు ఉందని చెప్పడం కష్టం. ఆరో ఏడు వచ్చేసరికి ఇక్కడి లైసెన్సు కూడా ముగిసి ఉంటుంది. ప్యాకెట్ డిజైన్ మాత్రం మారి ఉండదు, ఎందుకంటే కొనేవారు ఆ బొమ్మను చూసే గుర్తుపడుతున్నారు. అప్పుడు ఫొటోగ్రాఫర్ అడిగే ధర 60,000 దగ్గర ఆగకపోవడంలో ఆశ్చర్యం లేదు. ప్యాకెట్ మీదికి వెళ్లే ఫొటోకు మొదట్లోనే ఎక్కువ ఇచ్చి, పెద్ద గడువు, విదేశాలు, లేదా పూర్తి హక్కులు రాయించుకోవడం కంపెనీకే చవక. మూడు నెలల పండగ ఆఫర్ పోస్టుకు అంత అవసరం లేదు.

పూర్తి హక్కుల కొనుగోలును ట్రేడ్‌లో బయౌట్ అంటారు. ఈ మాటకు చట్టంలో నిర్వచనం లేదు. ఒకరి దృష్టిలో అది కాపీరైట్ బదలాయింపు, మరొకరి దృష్టిలో అన్ని మాధ్యమాల్లో కాలపరిమితి లేని వాడకం మాత్రమే. బయౌట్ అని మాత్రమే రాసిన కాగితం వల్ల వివాదం తీరదు. బదలాయింపే అయితే ఆ మాటే రాసి సంతకం ఉండాలి.

స్టాక్ ఫొటోల మార్కెట్ పడిన దారి

ఫొటోలకు ఇంత సూక్ష్మంగా ధర కట్టే పద్ధతి ఇప్పుడు తగ్గిపోయింది. 2000లో కెనడాలోని కాల్గరీలో మొదలైన ఐస్టాక్‌ఫొటో సామాన్యులు తీసిన ఫొటోలను అతి తక్కువ ధరకు అందించింది. 2006లో గెట్టీ దాన్ని 5 కోట్ల డాలర్లకు కొనేసింది. 2003లో వచ్చిన షటర్‌స్టాక్ నెలవారీ చందా పద్ధతిని స్థిరపరిచింది. గెట్టీ 2019లో ప్రకటించి, 2020లో తన రైట్స్ మేనేజ్డ్ క్రియేటివ్ ఫొటోల అమ్మకాన్నే ఎత్తేసింది. మన దేశంలో భారతీయ ముఖాలు, భారతీయ ఇళ్లున్న ఫొటోల కొరతను 2006లో మొదలైన ఇమేజెస్‌బజార్ వ్యాపారంగా మలుచుకుంది.

చందా పద్ధతిలో ధర ఎందుకు పడిపోయిందో చెప్పడానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు. డిజిటల్ కెమెరా వచ్చాక అదనంగా ఒక ఫొటో తీయడానికి ఖర్చు దాదాపు లేదు, అదనంగా ఒక ప్రతి అమ్మడానికి అసలే లేదు. సరఫరాకు హద్దు లేకుండా పోయింది. షటర్‌స్టాక్ 2020 జూన్‌లో తెచ్చిన కొత్త పట్టికలో ఫొటోగ్రాఫర్ వాటా 15 నుంచి 40 శాతం, కనిష్ఠంగా ఒక డౌన్‌లోడ్‌కు 10 సెంట్లు. అదీ ప్రతి జనవరిలో అందరూ మొదటి మెట్టు నుంచి మళ్లీ ఎక్కాల్సిందే. సూర్యాస్తమయం, కరచాలనం, లాప్‌టాప్ ముందు నవ్వు వంటి ఎవరైనా తీయగల ఫొటోల ధర అక్కడ స్థిరపడింది. బోనాల్లో పోతురాజు, మంగళగిరి మగ్గం, కల్లంలో మిర్చి వంటివి మంచి నాణ్యతతో, తగిన అనుమతులతో అంత సులువుగా దొరకవు. అలాంటి చోట ఇంకా బేరానికి చోటుంది.

కొనేవారు స్టాక్ సైట్ల షరతులు చదవడం తక్కువ. రాయల్టీ ఫ్రీ అంటే ఉచితం కాదు, ఒకసారి కట్టి పదేపదే వాడుకోవచ్చని మాత్రమే. దానికీ హద్దులున్నాయి. షటర్‌స్టాక్, ఐస్టాక్, అడోబ్ స్టాక్ సాధారణ లైసెన్సులు ముద్రణను 5 లక్షల ప్రతుల దగ్గర ఆపుతాయి. అయిదు రూపాయల కారంపొడి ప్యాకెట్లు అమ్మే కంపెనీకి 5 లక్షలు దాటడానికి ఏడాది పట్టదు. ఆపైన ఎక్కువ ధర ఉండే విస్తృత లైసెన్సు తీసుకోవాలి. కప్పులు, టీషర్టుల మీద వేసి బొమ్మ కోసమే అమ్మే సరుకుకూ అదే కావాలి. ట్రేడ్‌మార్కులో, లోగోలో స్టాక్ ఫొటో వాడటానికి ఈ లైసెన్సులు ఒప్పుకోవు. ‘ఎడిటోరియల్’, అంటే వార్తలకు, కథనాలకు మాత్రమే అని గుర్తు పెట్టిన ఫొటోను ప్రకటనలో వాడటం ఏ ధరకైనా కుదరదు, ఎందుకంటే అందులోని మనుషుల, ఆస్తుల అనుమతి లేదు.

ఒకే బొమ్మ, 400 డాలర్లు, 10,000 డాలర్లు

లైసెన్సులోని ఒక్క మాట ఎంత బరువు మోయగలదో చెప్పే కేసు అమెరికా సుప్రీంకోర్టులో 2023 మేలో తేలింది. లిన్ గోల్డ్‌స్మిత్ 1981లో గాయకుడు ప్రిన్స్‌ను ఫొటో తీశారు. 1984లో వానిటీ ఫెయిర్ పత్రిక ఒక చిత్రకారుడు ఆధారంగా వాడుకోవడానికి ఆ ఫొటోను 400 డాలర్లకు తీసుకుంది. షరతు: ఒకసారి మాత్రమే. ఆ చిత్రకారుడు ఆండీ వార్హోల్. ఆయన పత్రికకు కావలసినదానితో ఆగకుండా మొత్తం 16 బొమ్మలు చేశారు. 2016లో ప్రిన్స్ మరణించాక, వాటిలో నారింజ రంగు బొమ్మను ముఖచిత్రంగా వాడుకోవడానికి పత్రిక మాతృసంస్థ వార్హోల్ ఫౌండేషన్‌కు 10,000 డాలర్లు ఇచ్చింది. గోల్డ్‌స్మిత్‌కు పైసా రాలేదు, పేరూ లేదు. అలా లైసెన్సు ఇవ్వడం న్యాయమైన వాడకం (అనుమతి లేకుండా వాడుకోవడానికి చట్టం ఇచ్చే మినహాయింపు, ఫెయిర్ యూజ్) కిందికి రాదని కోర్టు 7-2 మెజారిటీతో తేల్చింది. ఫొటో, బొమ్మ రెండూ పత్రికలో ప్రిన్స్ గురించిన కథనానికే ఉపయోగపడుతున్నాయి. ఒకే మార్కెట్లో ఒకదాని స్థానాన్ని ఇంకొకటి తీసుకుంటోందన్నది తీర్పు సారం.

దీనికి మరో కొసన విండోస్ ఎక్స్‌పీ తెర మీది పచ్చని కొండ ఉంది. చార్ల్స్ ఓరియర్ 1996లో కాలిఫోర్నియాలో తీసిన ఆ ఫొటో కార్బిస్ సంస్థ ద్వారా అమ్మకానికి ఉండగా, మైక్రోసాఫ్ట్ 2000లో పూర్తి హక్కులు కొనుక్కుంది. మొత్తం ఎంతో బయటికి చెప్పకూడదని ఒప్పందం. కోట్ల కంప్యూటర్లలో, దేశాల హద్దు లేకుండా, గడువు లేకుండా వాడే బొమ్మకు ఏడాది లైసెన్సులు లెక్కగట్టడం అసాధ్యం. అక్కడ బయౌట్ తప్ప వేరే దారి లేదు.

గోడకు తగిలించుకునే ప్రింటు మార్కెట్ దీనికి పూర్తిగా వేరు. ఆండ్రియాస్ గుర్స్కీ తీసిన రైన్ నది ఫొటో ప్రింటు 2011లో వేలంలో 43 లక్షల డాలర్లకు పోయింది. అంత పోసి కొన్నవారికి కూడా దాన్ని క్యాలెండర్ మీద ముద్రించే హక్కు రాదు.

ఫొటోలో మనిషి ఉంటే

కాపీరైట్ లైసెన్సు ఫొటోగ్రాఫర్ నుంచి వచ్చే అనుమతి. ఫొటోలో కనిపించే మనిషి అనుమతి వేరే కాగితం, దానికి మోడల్ రిలీజ్ అని పేరు. ఒకరి పేరును, రూపాన్ని అనుమతి లేకుండా ప్రకటనకు వాడటం గోప్యత హక్కుకు భంగమని సుప్రీంకోర్టు 1994లో ఆర్.రాజగోపాల్ కేసులోనే చెప్పింది.

2007లో వర్జిన్ మొబైల్ ఆస్ట్రేలియా సంస్థ ఫ్లికర్ సైట్‌లో వాణిజ్య వాడకానికీ అనుమతించే క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో పెట్టిన ఒక ఫొటోను ప్రకటనలో వేసింది. అందులో ఉన్నది టెక్సస్‌కు చెందిన మైనర్ బాలిక. ఫొటోగ్రాఫర్ ఇచ్చిన లైసెన్సు ఉంది, బాలిక తరఫున ఎవరూ ఒప్పుకున్నది లేదు. కుటుంబం కోర్టుకు వెళ్లింది. ఆస్ట్రేలియా కంపెనీ తన పరిధిలోకి రాదని టెక్సస్ కోర్టు కేసు కొట్టేసింది గానీ, కంపెనీ పరువుకు తగిలిన దెబ్బ తగిలింది. తెలంగాణలో 2018లో రైతు బీమా పథకం ప్రకటనలో ఒక గ్రామీణ మహిళ పక్కన ఆమె భర్త స్థానంలో వేరే వ్యక్తి కనిపించడం పెద్ద గొడవే అయింది. ప్రకటన ఏజెన్సీలు ఫొటోల మూలం, అనుమతి చూసుకోకపోతే ఎవరి బతుకు బజారున పడుతుందో ఆ ఉదంతం చూపింది.

సినిమా స్టిల్స్ విషయంలో రెండు హక్కులూ ఒకేసారి తగులుతాయి. స్టిల్ ఫొటోగ్రాఫర్‌ను పెట్టుకున్నది నిర్మాత కాబట్టి, వేరే ఒప్పందం లేకపోతే, కాపీరైట్ నిర్మాతది. రూపం నటుడిది. పత్రికలకు ప్రచారం కోసం పంపిన స్టిల్‌ను బట్టల దుకాణం ఫ్లెక్సీ మీద వేస్తే ఇద్దరూ నోటీసు పంపవచ్చు. అమితాబ్, జయా బచ్చన్‌లతో తనిష్క్ వేయించిన వజ్రాల ప్రకటనను మరో నగల దుకాణం హోర్డింగుల మీద వాడుకున్నప్పుడు టైటన్ సంస్థ కోర్టుకెక్కింది. ఢిల్లీ హైకోర్టు 2012లో కాపీరైట్‌ను, నటుల వ్యక్తిత్వ హక్కులను రెండింటినీ గుర్తించి ఆ దుకాణాన్ని ఆపింది. 2025లో నాగార్జున ఢిల్లీ హైకోర్టులో, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టులో తమ పేరు, రూపం వాడకుండా ఉత్తర్వులు తెచ్చుకున్నారు.

కట్టడాలకు ఇంత చిక్కు లేదు. బహిరంగ ప్రదేశంలో శాశ్వతంగా ఉన్న విగ్రహాలను, కట్టడాలను ఫొటో తీసి ప్రచురించడం కాపీరైట్ ఉల్లంఘన కాదని సెక్షన్ 52 అంటుంది. అయితే ముంబయిలోని తాజ్ మహల్ ప్యాలెస్ హోటల్ 2017లో తన భవన రూపాన్ని ట్రేడ్‌మార్కుగా నమోదు చేసుకుంది. దాన్ని సరుకు మీద బ్రాండు బొమ్మగా వాడాలంటే ఆలోచించాలి.

అడగకుండా వాడితే

‘గూగుల్‌లో దొరికింది’ అన్న సమాధానం చట్టం ముందు నిలవదు. గూగుల్ 2020 ఆగస్టు నుంచి లైసెన్సు దొరికే బొమ్మలకు గుర్తు కూడా పెడుతోంది. కాకపోతే ఆ సమాచారం ఫొటో ఫైల్ లోపలి వివరాల్లోనో, వెబ్ పేజీలోనో ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నుంచి ఆ వివరాలు రాలిపోతాయి. అలా చేతులు మారిన ఫొటో ఎవరిదో కనుక్కోవడమే పని అవుతుంది. హక్కుల వివరాలను తెలిసీ తొలగించడం సెక్షన్ 65బి కింద నేరం.

ఫొటో ఏజెన్సీల నుంచి డబ్బు కట్టమని ఈమెయిల్ అందుకున్న చిన్న వ్యాపారులకు అందులోని అంకె ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు. అమెరికాలో ముందే రిజిస్టర్ చేసిన ఫొటోకు నష్టం నిరూపించకుండానే ఒక్కో రచనకు 750 నుంచి 30,000 డాలర్ల దాకా, బుద్ధిపూర్వకమని తేలితే 1,50,000 దాకా కోర్టు ఇప్పించవచ్చు. 2010 హైతీ భూకంపం వేళ డానియెల్ మోరెల్ ట్విటర్‌లో పెట్టిన 8 ఫొటోలను వాడుకున్నందుకు వార్తా సంస్థ ఏఎఫ్‌పీ, గెట్టీ 12 లక్షల డాలర్లు చెల్లించాలని 2013లో న్యూయార్క్ జ్యూరీ చెప్పింది. ఫొటోల వ్యాపారంలోనే ఉన్న పెద్ద సంస్థలకే ఇది జరిగింది. మన చట్టంలో అలాంటి స్థిర పట్టిక లేదు. నష్టాన్ని చూపించాలి, సాధారణంగా లైసెన్సు తీసుకుని ఉంటే ఎంత అయ్యేదన్నదే మొదటి కొలబద్ద. అందుకే పాత లైసెన్సుల ఇన్‌వాయిస్‌లు దాచుకున్న ఫొటోగ్రాఫర్ మాటకు విలువ ఎక్కువ. మరోవైపు సెక్షన్ 63 కింద క్రిమినల్ శిక్ష ఉంది: 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50,000 నుంచి 2 లక్షల జరిమానా. ఈ నేరానికి పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయవచ్చని, ఇది బెయిలు హక్కుగా దొరకని నేరమని సుప్రీంకోర్టు 2022 మేలో నిట్ ప్రో కేసులో స్పష్టం చేసింది. కాపీరైట్ రిజిస్ట్రేషన్ మన దేశంలో తప్పనిసరి కాదు.

ఏఐకి ఫొటోల ధర

ఇప్పుడు కొత్త కొనుగోలుదారు వచ్చింది. బొమ్మలు తయారుచేసే ఏఐ నమూనాలకు శిక్షణ కోసం కోట్ల ఫొటోలు కావాలి. షటర్‌స్టాక్ తన సేకరణను ఓపెన్ఏఐకి ఇచ్చి, ఫొటోగ్రాఫర్లకు ఒక నిధి నుంచి వాటా పంచే ఏర్పాటు చేసింది. ఇక్కడ హోర్డింగు లేదు, ప్రతుల సంఖ్య లేదు, గడువుకు అర్థం లేదు. ఒకసారి నేర్చుకున్నది వెనక్కి తీసుకోలేరు. ధర కట్టే పాత కొలతలు ఒక్కటీ పనిచేయవు. బొమ్మలు తయారుచేసే ఏఐ సంస్థ స్టెబిలిటీ ఏఐ మీద గెట్టీ లండన్‌లో వేసిన కేసులో 2025 నవంబరులో కాపీరైట్ వాదన ఓడిపోయింది, ట్రేడ్‌మార్కు విషయంలో మాత్రం కొంత నెగ్గింది. వార్తా సంస్థ ఏఎన్ఐ 2024లో ఓపెన్ఏఐ మీద వేసిన కేసు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

భారత చట్టంలో 2012లో చేర్చిన ఒక చిన్న నిబంధన ఇక్కడ పనికొచ్చేలా ఉంది. హక్కులు బదలాయించిన నాటికి లేని, వాణిజ్యంగా వాడుకలో లేని మాధ్యమానికీ, వాడుకునే పద్ధతికీ ఆ బదలాయింపు వర్తించదు, ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప. సెక్షన్ 18లోని ఈ మాటను సినిమా రచయితలు, సంగీతకారుల కోసం తెచ్చారు. ఏఐ శిక్షణ ‘వాడుకునే పద్ధతి’ అవుతుందని కోర్టులు ఒప్పుకుంటే, పదేళ్ల కిందట రాసుకున్న పూర్తి బదలాయింపుల్లో ఆ హక్కు ఇంకా ఫొటోగ్రాఫర్ దగ్గరే ఉన్నట్టు. తొలి నుంచీ తీయించుకున్నవారి సొంతమైన ఫొటోలకు ఈ వాదన వర్తించదు, అక్కడ బదలాయింపే లేదు కాబట్టి.

ఈలోగా 2025 డిసెంబరులో కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక శాఖ నియమించిన కమిటీ తన వర్కింగ్ పేపర్‌లో మరో దారి ప్రతిపాదించింది. ఏఐ సంస్థలు చట్టబద్ధంగా అందుబాటులో ఉన్న రచనలన్నిటినీ శిక్షణకు వాడుకోవచ్చు, హక్కుదారులకు రాయల్టీ ఇవ్వాలి, దాన్ని ఒక కేంద్ర సంస్థ వసూలు చేసి పంచుతుంది. అది చట్టమైతే శిక్షణకు ఇవ్వనని చెప్పే వీలు ఫొటోగ్రాఫర్‌కు ఉండదు, రేటు ఆయన చెప్పేదీ కాదు. పాటలకు రాయల్టీ సంఘాలు దశాబ్దాలుగా ఉన్నాయి. ఫొటోలకు అలాంటి వసూళ్ల వ్యవస్థ మన దేశంలో అలవాటు లేదు. కాబట్టి డబ్బు ఎవరి ఖాతాలో పడాలో తేల్చడానికి ముందు, ఏ ఫొటో ఎవరిదో నమోదు చేసే పని మొదలు కావాలి. మళ్లీ సెక్షన్ 17 దగ్గరికే రావాలి, కొటేషన్‌లో ఏం రాసుకున్నారో వెతకాలి.